కాలి మట్టెలు

మా జిల్లాలోంచి అంత ఎత్తు మంచుకొండ ఎక్కబోతున్న మొదటి ఆడదాన్ని నేనేనని రాజాంలో ఫ్లెక్సీ కట్టారు. అదీ నేను ఇల్లు కదలకముందే. అందులో నా మొహం ఒక్కటే పడింది, అదృష్టం. కాళ్లు కూడా పడి ఉంటే మట్టెలు కనబడేవి.

చలికి వేళ్లు వాస్తాయి, వాటిని తీసేయమని శిక్షణలో గట్టిగా చెప్పారు. నేను తీయలేదు. బయలుదేరిన రోజు మా అత్త నా చెయ్యి పట్టుకుని, "సూడమ్మా, ఆడు లారీ మీద తిరిగేవోడు. ఏటైనా గానీ, మట్టెలు మాత్రం తియ్యకు" అంది. ఆవిడకి ఒక్కడే కొడుకు. నాకూ ఒక్కడే మొగుడు. రెండు జతల మేజోళ్ల కింద వాటిని దాచాను. చదువుకున్నదానివి, ఈ మూఢత్వమేమిటని అడక్కండి, నాకే సిగ్గుగా ఉంది.

మూడో క్యాంపులో గాలి తగ్గక రెండు రోజులు గుడారంలోనే ఉండిపోయాం. రెండో రోజు మధ్యాహ్నం ఎడమకాలి వేలికి స్పర్శ పోయింది. బూటు విప్పి చూస్తే వేలు వాచిపోయి ఉంది, మట్టె మాంసంలోకి దిగబడింది. అప్పటికే నల్లబడుతోంది. స్టవ్వు బాగుచేసుకోడానికి తెచ్చిన కటింగ్ ప్లేయర్ తీశాడు గైడు.

"దీదీ, మట్టె కోసేస్తాను. ఆలస్యమైతే వేలు పోతుంది" అన్నాడు.

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. మా ఆయన ఆ వారం లోడు వేసుకుని ఒడిశా ఘాట్ రోడ్డులో ఉన్నాడు. ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. వేలా, మనిషా అని నాలో నేనే కొట్టుకుంటూ కూర్చున్నాను. గైడు రెండుసార్లు బతిమాలాడు, మూడోసారి తిట్టాడు. నేను కాలు చాపేసరికి గంట దాటిపోయింది.

మట్టె టక్కుమని తెగింది. నొప్పి తెలియలేదు. తెలియనందుకే ఏడ్చాను. శిఖరం వదిలేసి దిగాం, ఆసుపత్రిలో వేలు తీసేశారు. మా ఆయన ఘాట్ దిగి ఇంటికొచ్చి హాయిగా పప్పన్నం తిన్నాడట.

ఇంటికొచ్చాక అత్త నా కాలు చూసింది. చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు.

ఈ ఏడు మళ్లీ వెళ్తున్నానని చెప్పిన పొద్దున, ఆవిడ సబ్బునీళ్ల గిన్నె తెచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది. కుడికాలికి మిగిలిన ఒక్క మట్టెనీ నురగ రాసి తిప్పసాగింది.

"మీ అబ్బాయి లారీ మీదే ఉన్నాడు కదత్తా" అన్నాను, ఎత్తిపొడుపుగానే.

"ఉంటే ఉంటాడు. ఆడి బండికి బ్రేకులున్నాయి."

మట్టె ఊడొచ్చింది. దాన్ని కొంగున ముడేసుకుని, తడిచేత్తో వేలు లేని చోట ఒకసారి తడిమింది.

"దీన్ని నాను దాస్తాను. కాళ్లు నువ్వు జాగర్తగా అట్టుకురా."