ఎండ వెంట తిరిగిన బల్ల

మా సైలస్‌కు ఉన్నది ఒకటే జబ్బు, చలి. కార్తీకం వెళ్లిందంటే చాలు, తన బల్లను ఆఫీసులోంచి మోయించి ఎండలో వేసేవాడు. ఎండ జరిగితే బల్లా జరిగేది. పదింటికి తూర్పు వసారా ముందు, ఒంటిగంటకు సైకిల్ స్టాండు దగ్గర, మూడింటికి వెనక నూతి పక్కన. పలాసలో మా మండలాఫీసు గడియారం ఏనాడో ఆగిపోయింది. బల్ల సైకిల్ స్టాండు చేరిందంటే మేం క్యారియర్లు విప్పేవాళ్లం.

2002 చలికాలం నాటికి అతనికి పాతికేళ్లు. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే జెకర్యా కొడుకు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరే, ఇంకా ప్రొబేషను పూర్తి కాలేదు. పెద్దాసుపత్రికి వెళ్లే బీదవాళ్లకు ఆదాయ ధ్రువపత్రాలు తయారుచేయడం అతని పని. ఎదురు సీటు నాది. సొరుగులో నవల పెట్టుకుని చదువుకునే మనిషిని గనక అతని కంటికి ఎప్పుడూ ఖాళీగానే కనిపించేవాణ్ణి.

"ఆ కొస పట్టండి సార్."

"ఇప్పుడేగా దించాం సైలసూ?"

"నీడొచ్చేసింది సార్. సలేత్తంది."

ఆ చలికాలం నేను తిప్పిన పేజీల కన్నా మోసిన బల్లే ఎక్కువ. ఉద్దానం ఊళ్ల నుంచి మొదటి బస్సు దిగి వచ్చేవాళ్లు కూడా ఆఫీసు ఎక్కడని అడగడం మానేశారు. "ఎండ ఎటున్నాది బాబూ?" అని అడిగి అటే పోయేవాళ్లు.

ఎండలో ఉద్యోగం అంత సుఖమేమీ కాదు. స్టాంపుప్యాడు గంటకోసారి ఎండిపోయేది. కార్బన్ కాగితం మెత్తబడి వేళ్లకు అంటుకునేది. సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే దరఖాస్తులు గేటు దాటి రోడ్డెక్కేవి. సైలస్ వాటి వెనక, ఆ దరఖాస్తుల సొంతదారులు సైలస్ వెనక పరిగెత్తేవారు. చివరికి కాగితాల మీద బరువుకని ఇంటి నుంచి చిన్న చిన్న ఉప్పు మూటలు కట్టి తెచ్చాడు. ఉప్పుమళ్లలో పుట్టినవాడికే వచ్చే ఆలోచన. ఆ మూటలు నాకడానికి వీధిలో మేకలన్నీ మా సెక్షనుకు రావడం మొదలుపెట్టాయి. అవి ఊరికే నాకి పోతాయా?

మా సూపరింటెండెంటు అనంతపద్మనాభం గారు క్రమశిక్షణ గల మనిషి. బల్ల గడప దాటినప్పుడల్లా మెమో ఇచ్చేవారు. సైలస్ ప్రతి మెమోకూ ఒక్క మాటతో సంజాయిషీ రాసేవాడు: "చలి." మూడో మెమోకు మాత్రం జవాబు రాలేదు.

"ఏమయ్యా, సంజాయిషీ ఏది?"

"మేక తినేసింది సార్."

"సంజాయిషీనా?"

"లేద్సార్. మెమోనే."

దాని మీద నాలుగో మెమో వచ్చింది. మేకను ఆఫీసు ఆవరణలోకి ఎందుకు రానిచ్చావని.

నాకు అర్థం కానిది ఒకటుండేది. ఇంత చలి మనిషి నౌపడ నుంచి పొద్దున్నే పొట్టిచేతుల చొక్కాతో వచ్చేవాడు, స్వెట్టరు లేదు, మఫ్లరు లేదు. ఎండలో కూర్చున్నంతసేపూ నుదుటి మీంచి చెమట ఫైళ్ల మీద బొట్లు బొట్లుగా పడేది. "నీకు చెమట పడుతోందయ్యా" అంటే, "లోపల సలి సార్" అనేవాడు.

జనవరిలో శ్రీకాకుళం నుంచి తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. వచ్చేది జిల్లా అధికారి సోమేశ్వరరావు గారు. సైలస్ ప్రొబేషను కాగితం మీద సంతకం పెట్టవలసిందీ ఆయనే.

"ఆవేళ నీ బల్ల గడప దాటిందా, నీ ఉద్యోగం కూడా దాటుతుంది" అన్నారు అనంతపద్మనాభం గారు.

తనిఖీ రోజు సైలస్ బుద్ధిగా లోపలే కూర్చున్నాడు. మేకలు వచ్చి చూసి నిరాశగా వెళ్లిపోయాయి. మొదటి బస్సు దిగిన బుచ్చమ్మ అనే ఆవిడ, ఎండ కోసం ఆవరణంతా వెతికి, లోపలికి వచ్చి గచ్చు మీద కూర్చుంది. ఆ హాలు నూతిలో దిగినంత చల్లగా ఉండేది. దుప్పటి కప్పుకున్నా ఆవిడ వణుకు ఆగడం లేదు. పక్కవాళ్లు అదోలా చూస్తున్నారు. సైలస్ రెండుసార్లు తలెత్తాడు. మూడోసారి లేచాడు.

"ఆ కొస పట్టండి సార్."

"పిచ్చా నీకు? జీపు వచ్చే వేళయింది!"

అతను వంగి నా చెవిలో అన్నాడు: "మన కాడికొచ్చేది ఈవిడలాగ కిడ్నీ జబ్బున్నోళ్లే సార్. ఆళ్లకి ఒంట్లో రగతం ఉండదు, ఎప్పుడూ సలే. ఏ జబ్బో కాయితంలో రాయం. ఆ వణుకు సూత్తే మాత్రం అందరికీ తెలిసిపోద్ది. ఆవిడ మనవరాలికి సంబంధాలు సూత్తన్నారు. సలి నాదంటే ఎవుల్కీ నట్టం లేదు గదా సార్."

నేను వెళ్లి కొస పట్టాను.

బల్ల ఎండలో దించామో లేదో జీపు వచ్చి ఆగింది. సోమేశ్వరరావు గారు దిగి బల్లనూ, దాని వెనక చెమటలు కక్కుతున్న సైలస్‌నూ, ముందు నేల మీద కాళ్లు చాపుకున్న బుచ్చమ్మనూ చూశారు.

"ఏమిటిది?"

"సలి సార్" అన్నాడు సైలస్, కళ్లలోకి దిగిన చెమట తుడుచుకుంటూ.

"చలా! నీకా?"

బుచ్చమ్మ అందుకుంది. "ఆ బాబుకి మా సెడ్డ సలండి. ఒక్కడూ ఎండలో కూకుంటే ఏటి బాగుంటాదని మేమూ ఇక్కడే కూకుంటన్నాం. ఎవుల పిల్లడో పాపం!" అంటూ లేచి, తన దుప్పటి తీసి సైలస్ భుజాల చుట్టూ కప్పి, మెడ దగ్గర బిగించింది.

లోపలి నుంచి మెమోల ఫైలు పట్టుకుని అనంతపద్మనాభం గారు పరుగున వచ్చారు. ఆయన చూపు బుచ్చమ్మ కాళ్ల మీద పడింది. రెండు పాదాలూ వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఆయన ఆ పాదాలనూ, సైలస్ చెమటనూ మార్చి మార్చి చూసి, ఫైలు విప్పారు.

"నిజమే సార్. చాలా చలి మనిషి. రికార్డులో ఉంది, చూడండి. ఆరు మెమోలకూ ఇదే జవాబు."

"ఏడు కదా సార్?" అన్నాన్నేను.

"ఒకటి మేక తినేసింది" అన్నారాయన గంభీరంగా.

సోమేశ్వరరావు గారు ఫైలు తిరగేశారు. హాల్లోకి వెళ్లి ఐదు నిమిషాల్లో చేతులు రుద్దుకుంటూ బయటికి వచ్చి, "నాకూ ఒక కుర్చీ ఇక్కడే వేయించండి" అన్నారు. తనిఖీ అంతా ఎండలోనే జరిగింది. ప్రొబేషను కాగితం మీద సంతకం కూడా ఆ బల్ల మీదే, ఎగరకుండా ఉప్పు మూట ఆనించి పెట్టారు.

సైలస్ మాత్రం ఆ దుప్పటి విప్పలేదు. విప్పితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, ముఖం కందిపోయింది. ధ్రువపత్రం అందుకుంటూ బుచ్చమ్మ అడిగింది.

"ఇప్పుడెలాగున్నాది నాయినా?"

"ఎచ్చగుందమ్మా" అన్నాడు మా సైలస్.