రాబిగ్ కంప్రెసర్ షెడ్డులో ఒక వెనెతో మాట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, రంజాన్ సెలవులు ముగిసిన మూడో వారంలో, మా కంపెనీ నన్ను సౌదీ అరేబియాలో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న రాబిగ్‌లోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్ షట్‌డౌన్ పనికి పంపింది. షట్‌డౌన్ అంటే ప్లాంటును కొన్ని వారాలు ఆపి, నడిచేటప్పుడు ముట్టుకోవడానికి వీల్లేని యంత్రాలన్నిటినీ విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం. నా హోదా రొటేటింగ్ ఎక్విప్‌మెంట్ లీడ్ ఇంజనీర్. పంపులు, టర్బైన్లు, కంప్రెసర్లు, ఇలా తిరిగే ప్రతి యంత్రానికీ చివరి సంతకం నాది. ఆ సంతకం పడే కాగితాన్ని బాక్స్-అప్ సర్టిఫికెట్ అంటారు. లోపల ఏమీ మిగిలిపోలేదు, మూత వేసి నడుపుకోవచ్చు అని దాని అర్థం.

ఆ షట్‌డౌన్‌లో పెద్ద పని గ్యాస్ కంప్రెసర్. దాని తయారీదారు ఇటలీ సంస్థ. యంత్రం విప్పినప్పుడు తయారీదారు పంపిన నిపుణుడు పక్కన ఉండి తీరాలి. అలా వచ్చినవాడు ఆంజెలో. అరవై ఐదు దాటిన మనిషి. ఆ దుమ్ములోనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఇంగ్లిష్ నెమ్మదిగా, తప్పు లేకుండా మాట్లాడేవాడు. కంప్రెసర్ షాఫ్టూ దాన్ని తిప్పే టర్బైన్ షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయో లేదో లేజర్‌తో కొలిచే పని వల్దీర్‌ది. నలభై ఏళ్ల బ్రెజిల్ మనిషి. ఫిట్టర్ల ఫోర్‌మన్ యాదగిరి జగిత్యాల వైపు వాడు. గల్ఫ్‌లో నాకంటే నాలుగేళ్లు సీనియర్.

మొదటి రోజు క్యాంటీన్‌లో ఆంజెలోను, వల్దీర్‌ను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది నేనే. ఎదుటి మనిషి ఇటలీలో వెనెతో ప్రాంతం వాడని తెలియగానే వల్దీర్ ముఖం వెలిగిపోయింది. ప్లేటు పక్కకు జరిపి, ఏదో భాషలో గబగబా మాట్లాడాడు. ఆంజెలో చెంచా కింద పెట్టి ఇంగ్లిష్‌లో జవాబిచ్చాడు. అది ఇటాలియన్ కాదనీ, పశువుల కొట్టంలో మాట్లాడుకునే మాటలనీ, పనిచేసే చోట ఇంగ్లిష్ చాలనీ అన్నాడు. వల్దీర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత పని మాట తప్ప ఇద్దరి మధ్యా మరో మాట లేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్తూ కారులో వల్దీర్ తన సంగతి నాకూ యాదగిరికీ చెప్పాడు. అతని ముత్తాత వెనెతోలో కౌలు రైతు. తిండికి జరగక, పెళ్లాంతో ఓడ ఎక్కి, నెల పైన సముద్రం మీద గడిపి దక్షిణ బ్రెజిల్ చేరాడు. అక్కడ ఇచ్చింది అడవి. దాన్ని నరికి ద్రాక్ష వేశారు. ఒకే ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు పక్కపక్కనే ఇళ్లు కట్టుకోవడంతో వాళ్ల వెనెతో పల్లె భాష మారలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి ప్రభుత్వం ఆ భాషను నలుగురిలో మాట్లాడకూడదని నిషేధించింది. అప్పటికి చిన్నపిల్లగా ఉన్న వల్దీర్ నాయనమ్మ వంటింట్లో, తలుపు వేసుకుని, గొంతు తగ్గించి అదే మాట్లాడేదట. మనవడికి నేర్పిందీ అదే. బడికి వెళ్లేదాకా అతనికి పోర్చుగీసు రాదు. ఇప్పటికీ ఆదివారం వాళ్లింట్లో పోలెంతా చేస్తారని, మొక్కజొన్న పిండిని ఎలా కలియబెట్టాలో చేత్తో తిప్పి చూపించాడు.

"గదేంది సార్, మన మక్క గట్కనే గద!" అన్నాడు యాదగిరి. నేను దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెబితే వల్దీర్ చాలాసేపు నవ్వాడు.

ఆంజెలో మీద నాకు కోపం రాలేదు. అతనికీ నాకూ పోలిక ఉంది. మాది పలాస. మొదటి ఉద్యోగంలో నేను "ఏటి" అన్న ప్రతిసారీ తోటి ఇంజనీర్లు నవ్వేవారు. ఆరు నెలల్లో ఆ మాట నా నోట్లోంచి పోయింది. ఆంజెలోకు బడిలోనే ఎవరో అలా నవ్వి ఉంటారని అనుకున్నాను.

అసలు సంగతి మే నెలాఖరులో జరిగింది. సౌదీలో మధ్యాహ్నం ఎండలో బయట పని చేయకూడదన్న వేసవి నిషేధం ఇంకా మొదలుకాలేదు. ఆ రోజు ఒంటిగంటకు ఆయిల్ పంపు నడిపి, నాలుగింటికి కంప్రెసర్ తిప్పాలని షెడ్యూల్. సర్టిఫికెట్ సంతకం కోసం నా బల్ల మీద ఉంది. ఉదయం పది దాటాక ఎడారి వైపు నుంచి దుమ్ము లేచింది. పదకొండింటికి యాదగిరి ఫోన్ చేశాడు.

"సార్, జల్ది క్లినిక్‌కు రాండ్రి. ముసలాయన షెడ్డుల కూలవడ్డడు. ఒళ్లు పెనం లెక్క కాలుతుంది."

సైట్ క్లినిక్‌లో ఆంజెలోకు చంకల్లో, మెడ కింద ఐసు సంచులు పెట్టారు, సెలైన్ ఎక్కుతోంది. వడదెబ్బ అని, కాస్త నిలకడ రాగానే ఆసుపత్రికి తరలిస్తామని డాక్టర్ చెప్పాడు. ఆంజెలో కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. ఇంగ్లిష్‌లో అడిగితే విన్నట్టే లేడు.

"వచ్చినకాడికెల్లి ఒక్కటే మాట వట్టుకున్నడు సార్," అన్నాడు యాదగిరి. "స్ట్రాసా, స్ట్రాసా అంటుండు. పిడికిలి బిగవట్టి ముంగటికి నూకుతుండు. చెయ్యి నొస్తుందో ఏమో."

ఇటలీలో తయారీదారు సర్వీసు ఆఫీసుకు ఫోన్ చేసి, ఫోన్ అతని నోటి దగ్గర పెట్టాను. అవతల ఉన్న ఆవిడ రెండుసార్లు విని, మాట ముద్దగా ఉంది, 'స్ట్రాడా' అంటున్నాడేమో, అంటే దారి, ఇంటికి వెళ్లాలని కలవరిస్తున్నాడేమో అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్లాలనుకునే మనిషి గుప్పిటతో తోసి చూపించడు.

"గా బ్రెజిలాయన్ని పిల్వుండ్రి సార్. ఇద్దరిదీ ఒక్కటే ముచ్చట గద," అన్నాడు యాదగిరి.

నాకు తట్టనందుకు సిగ్గేసింది. వల్దీర్ పది నిమిషాల్లో వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆంజెలో చెవి దగ్గర ఏదో అన్నాడు. క్యాంటీన్‌లో పలికిన భాషే. ఆంజెలో తల అటు తిరిగింది. అంతసేపూ ఎవరి మాటా పట్టించుకోని మనిషి, వల్దీర్ చొక్కా పట్టుకుని గబగబా జవాబిచ్చాడు. ఒక ప్రశ్న, ఒక జవాబు. మళ్లీ ఒక ప్రశ్న. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

వల్దీర్ లేచి నిలబడ్డాడు. స్ట్రాసా అంటే గుడ్డ అన్నాడు. వంటింటి నేల తుడవడానికి నాయనమ్మ ప్రతి శనివారం తన మీదికి విసిరేది స్ట్రాసాయేనట. పైపులో గుడ్డ ఉందని, బేరింగ్‌కు నూనె వెళ్లే పైపులో ఉందని ఆంజెలో చెబుతున్నాడు.

"ఏటి? పైపులో గుడ్డా?" అన్నాను. ముప్పై ఏళ్ల కిందట పోయిందనుకున్న మాట దానంతట అదే వచ్చేసింది.

యాదగిరి అందుకున్నాడు. "గా పైపు ముక్క విప్పి వడి ఉండె సార్. ఈయన్ని ఇటు తెచ్చినంక జాబ్ కార్డు జూసి మనోళ్లే బిగించిన్రట. లోపట జూడలే."

జరిగింది ఇది. థ్రస్ట్ బేరింగ్ అనేది షాఫ్టు అటూ ఇటూ జరగకుండా ఆపేది. దానికి నూనె తెచ్చే పైపులో ఆంజెలో చివరిసారి ఒక ముక్క విప్పి చూస్తుండగా దుమ్ము లేచింది. తెరిచిన పైపు నోటికి ఇనుప బిళ్ల బిగించి, ఎర్ర ట్యాగు కట్టి, రిజిస్టర్‌లో రాయాలన్నది నియమం. గుడ్డ కుక్కడం నిషిద్ధం. అది అతనికి నాకంటే బాగా తెలుసు. కానీ ఇనుప బిళ్ల తెచ్చేలోగా ఇసుక లోపలికి పోతుందని, చేతిలోని గుడ్డను లోతుగా కుక్కేశాడు. బిళ్ల కోసం లేవబోయి పడిపోయాడు. అలాగే నడిపితే ఆ బేరింగ్‌కు నూనె అందదు. నిమిషాల్లో లోహం కరిగిపోతుంది, నిమిషానికి వేల చుట్లు తిరిగే రోటర్ పక్కకు జరిగి బయటి తొడుగైన కేసింగ్‌కు రాసుకుంటుంది, గ్యాస్ బయటికి వచ్చి అంటుకోవచ్చు. ఆ షెడ్డులో అప్పుడు పదిమందికి పైగా ఉంటారు.

ప్లాంట్ మేనేజర్ సౌదీ ఇంజనీరు, పనిలో నిక్కచ్చి మనిషి. నేను ఫోన్ చేస్తే, వడదెబ్బ తగిలిన మనిషి మాట మీద స్టార్టప్ ఆపమంటావా అని అడిగాడు. ఆపమంటాను, గుడ్డ దొరకకపోతే ఆలస్యానికి కారణంగా నా పేరే రాయండి అన్నాను. రెండు గంటలు ఇచ్చాడు.

షెడ్డుకు దాదాపు పరుగెత్తాం. నా వయసులో అలా పరుగెత్తడం అదే ఆఖరు. యాదగిరి మనుషుల్ని పక్కన పెట్టి తానే స్పానర్ పట్టాడు. నాలుగు బోల్టులు. పైపు ముక్క బయటికి రాగానే టార్చి వేశాను. ఏమీ కనిపించలేదు, వంపు దగ్గర చీకటి. యాదగిరి తీగను కొక్కెంలా వంచి లోపలికి పోనిచ్చి, రెండుసార్లు తిప్పి, ఆగాడు.

"దొరికింది సార్," అన్నాడు. అని మెల్లగా లాగాడు.

నూనెలో తడిసిన తెల్లటి నూలు గుడ్డ, మూరెడు పొడవు. షెడ్డులో కేకలు లేచాయి. అప్పటికే షెడ్డుకు వచ్చి నిలబడ్డ మేనేజర్ అల్‌హందులిల్లా అంటూ నా భుజం పట్టుకుని ఊపేశాడు. వల్దీర్ ఆ గుడ్డను రెండు చేతులతో పైకెత్తి "స్ట్రాసా! స్ట్రాసా!" అని అరిచాడు. ఫిట్టర్లంతా అదే అందుకున్నారు. నేనూ అరిచాను. కంప్రెసర్ ఆ సాయంత్రం ఆరున్నరకు తిరిగింది. బేరింగ్ వేడి ఎక్కడ ఉండాలో అక్కడే నిలిచింది.

మూడో రోజు వల్దీర్‌తో కలిసి ఆసుపత్రికి వెళ్లాను. ఆంజెలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వల్దీర్‌ను చూసి వాళ్ల భాషలోనే పలకరించాడు. తర్వాత నాకు ఇంగ్లిష్‌లో చెప్పాడు. బడిలో ఆ మాటలు దొర్లితే టీచరమ్మ మోకాళ్ల మీద నిలబెట్టేదట. తల్లి పోయాక ఆ భాషలో ఎవరితోనూ మాట్లాడలేదట. "మా అమ్మ వాడిన మాటలు ఇప్పుడు మా ఊళ్లో కుర్రకారుకు తెలియవు. ఇతనికి తెలుసు," అన్నాడు. క్యాంటీన్‌లో అన్న మాటకు క్షమాపణ ఇద్దరి మధ్యే జరిగింది. వల్దీర్ ముఖం చూసే అది నాకు అర్థమైంది.

విచారణ నివేదిక నేనే రాశాను. ఆంజెలో తప్పు రాశాను, లోపల చూడకుండా బిగించిన మా వాళ్ల తప్పూ రాశాను, బిగించేటప్పుడు వాళ్ల పక్కన చూసే మనిషిని పెట్టని నా తప్పూ రాశాను. రెండు మార్పులు సూచించాను. తెరిచిన ఏ పైపునూ, ఎవరు తెరిచినా, టార్చి వేసి చూసిన మనిషి సంతకం లేకుండా మూయకూడదు. రెండోది, అత్యవసర వివరాల ఫారంలో రక్తం గ్రూపు కింద ఒక గడి చేర్చాలి: ఇంట్లో మాట్లాడే భాష. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి నవ్వారు, కానీ చేర్చారు. ఫారాలు తిరిగొచ్చాక చూస్తే, నేను ఇన్నేళ్లూ పాకిస్తానీలు, ఫిలిపినోలు, బంగ్లాదేశీలు అని మూడు కట్టలుగా లెక్కవేసిన మనుషులు పదకొండు భాషలవాళ్లు.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. పాస్‌పోర్టు మీద ఉన్న దేశాన్ని బట్టి మనిషి భాషను ఊహించకూడదు. ప్రమాదంలో మనిషి మాట్లాడేది బడిలో నేర్చిన భాష కాకపోవచ్చు. ఆ మాట తెలిసినవాడు సైట్‌లో ఎవడో ముందే తెలుసుకుని ఉంచడం సూపర్‌వైజర్ బాధ్యత.