అత్తయ్య తిరిగి రానన్న ఊరు

మా మేనత్త పోయిన గురువారం గుంటూరులో, మిర్చి యార్డు వెనక తన అద్దె గదిలో, గుండెపోటుతో పోయింది. బాబాయి ఫోన్ చేసి ఆ మాట చెప్పి, ఊపిరి తీసుకోకుండానే, "వ్యాన్ మాట్లాడాం. ఊరికి తెచ్చేస్తన్నాం. నువ్వు ఒంగోలు నుంచి నేరుగా ఊరికే వచ్చెయ్" అన్నాడు. చావు కబురుకి కూలబడ్డవాణ్ణి, ఆ రెండో మాటకి ఒళ్ళు మండి లేచాను. పోయాక కూడా తనని ఆ ఊరికి తీసుకెళ్ళొద్దన్నదే తన చావు గురించి ఆమె నాతో చెప్పుకున్న ఒకే ఒక్క కోరిక.

ఆ ఊరు ఆమె పుట్టిల్లు. ఇరవై రెండేళ్ళకే భర్త పోయి తిరిగొస్తే వెనక వసారా గదిలో ఓ మంచం వేసిచ్చారు. పత్తి విత్తనం పెట్టే రోజు, మిరపకాయల బస్తాలు గుంటూరుకి బయల్దేరే రోజు, ఎక్కడ ఎదురొస్తుందోనని మా నానమ్మ ఆ గదికి బయట గొళ్ళెం పెట్టేది. చిన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. పదిహేనేళ్ళు అలా బతికి, తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం చేతిసంచితో ఒక్కతే నడిచి వెళ్ళి గుంటూరు బస్సెక్కింది.

అక్కడ మిరపకాయల తొడిమలు తీసే పనిలో చేరింది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పొద్దంతా ఆ ఘాటులో కూర్చునేది. సాయంత్రం అద్దె పుస్తకాల షాపుకెళ్ళేది. ఏ నవల తీసినా ముందు చివర్న ఏమైందో చూసేది. అందులో కథానాయకుడు పట్నం మీద విరక్తితో పల్లెకి చేరుకున్నాడో, పుస్తకం టప్పున బల్ల మీద పడేది. "వెళ్ళినోడు బానే ఉన్నాడు. వాడికి అక్కడ వండిపెట్టేదాని సంగతేంటంట?" అని షాపాయన్ని నిలదీసేది. పాపం ఆయనేం చెబుతాడు! "ఊరు బంగారమని రాసేవాళ్ళంతా ఊరొదిలేసినోళ్ళేరా" అని నాతో అనేది.

నేను ఆమె గదిలో ఉండే కాలేజీ చదివాను. ఆమె తెచ్చిన నవలలు చదివే రాయడానికి తెగించాను. ఒకసారి ఆమె తోటి పనివాళ్ళు వాడరేవు సముద్రానికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళారు. కట్టుచీరతోనే అలల్లో చతికిలబడి అత్తయ్య గొంతెత్తి నవ్వింది. ఆమె అలా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంత తెలిసీ నేనేం రాశాను? నా మొదటి నవలలో మేనత్త ఊరి మట్టివాసన కోసం పట్నంలో కుమిలిపోతుంది. అంతకుముందు ఊరంతా బస్సు దాకా వచ్చి ఆమెని కన్నీళ్ళతో సాగనంపుతుంది. చివరికి "నన్ను నా మట్టిలో కలపండి" అంటూ కన్నుమూస్తుంది. చప్పట్లకి కక్కుర్తిపడి రాశాను. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని పట్నాన్ని తిట్టే రచయితల్ని ఇప్పుడు చూస్తే నాకు రోత. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

అత్తయ్య ఆ నవల ఒక్క ఆదివారంలో చదివేసింది. "నేను బస్సెక్కిన రోజు ఎవడొచ్చాడ్రా?" అంది. "కాయలు ఏరినట్టు ఏరావు. ఎర్రటియ్యన్నీ ఊళ్ళో రాశి పోసి, తాలంతా గుంటూరు మీద కుమ్మరించావు." తాలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు.

"కథ కదత్తయ్యా" అని నసిగాను.

"కథైతే నా మొహం ఎందుకు పెట్టావు? ఒరేయ్, నేను పోతే ఇక్కడే కానివ్వండి. ఆ ఊరి పొలిమేర తొక్కించొద్దు. ఇంకో పుస్తకంలోనన్నా నిజం రాయి."

రాస్తానన్నాను. నవలకి రెండో ముద్రణ వచ్చింది. నేను రాయలేదు.

గురువారం మధ్యాహ్నం ఊరు చేరేసరికి ఆమెని వాకిట్లో పడుకోబెట్టారు. బాబాయి చేతిలో నా నవల ఉంది.

"గుంటూరుకే తీసుకెళ్దాం బాబాయ్. నాతో చెప్పింది."

"ఈ మట్టిలోనే కలవాలనుందని నువ్వే రాశావు గదరా!"

"అది నేను కల్పించాను. అబద్ధం."

"అచ్చయిన పుస్తకం అబద్ధం ఎట్టా అవుద్దిరా? ఏడుపులో ఏదో వాగుతున్నాడు, పక్కకి తీసుకెళ్ళండి" అన్నాడు. తర్వాత ఆ చావు ఘట్టాన్ని అందరికీ పైకి చదివాడు. ఆమె ఎదురొస్తే మొహాలు తిప్పుకుని ఇంట్లోకి పోయినవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆమె కోసం కాదు, నా వాక్యాల కోసం.

చితి అంటుకున్నాక, పొలిమేర దగ్గర రోడ్డు మీద ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. యార్డు ఆడవాళ్ళు, ఏడుగురు. పనిలోంచి అలాగే లేచి వచ్చారు. నేను పరుగున వెళ్ళాను.

"మేం గదికెళ్ళేతలికే తీసుకుపోయారన్నారు" అంది పెద్దామె. "ఇక్కడికి రానని చెప్పిందిగా అక్క. నీకు తెలీదా అబ్బాయ్?"

"తెలుసు" అన్నాను. "రండి, లోపలికి రండి."

"అక్క రానన్న ఊళ్ళోకి మేమెందుకొస్తాం?"

రోడ్డు మీదే నిలబడి, లేస్తున్న పొగకి దణ్ణం పెట్టుకున్నారు. ఎవరూ పైకి ఏడవలేదు. మళ్ళీ ఆటో ఎక్కి గుంటూరు వైపు తిరిగారు. వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఇద్దరి మధ్య, ఒక మనిషికి సరిపడా చోటు వదిలి ఉంది.