నత్తితోనే రేవు చూపించింది

ఆ రేవుకు పెద్ద ఓడలు రావడం మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు దేశదేశాల వర్తకులు మిరియాలు, పట్టు బట్టలు నింపిన గిడ్డంగులను చూడటానికి ఇప్పుడు యాత్రికులు వస్తున్నారు. వాళ్లకు ఆ రేవు కథలన్నీ చెప్పే పని తనకే కావాలని పడవల మేస్త్రి కూతురు పట్టుబట్టింది. ఆమెకు చిన్నప్పటి నుంచి నత్తి.

“నోరే తిరగదు, జనాన్ని ఊరంతా తిప్పుతావటే?” అని తల్లి తల బాదుకుంది.

“తి... తిప్పుతానమ్మా. చూస్తూ ఉండు,” అంది కూతురు.

రోజూ పొద్దున్నే ఖాళీ గిడ్డంగిలోకి వెళ్లి, ఆ కథలే గోడలకు వినబడేలా గట్టిగా చెప్పుకునేది. అయినా మొదటి రోజు, యాత్రికుల ముందు, ‘దీపస్తంభం’ అనబోయేసరికి నాలుక మొండికేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ముఖం కందిపోయింది. పారిపోవాలనిపించినా నిలదొక్కుకుంది.

“నాకు నత్తండీ. మాట రా... రావడానికి కాస్త టైము పడుతుంది. ఈలోపు ఆ రాతి మీద గాట్లు చూడండి. ఓడల తాళ్లు ఒరుసుకుని పడ్డవి.”

గుంపులోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చి గాటులో వేలు పెట్టి చూసింది. “అబ్బ, ఎంత లోతుందో! మాకేం తొందర లేదు తల్లీ, నిదానంగా చెప్పు,” అంది. నవ్వినవాళ్లు కూడా వంగి చూశారు.

ఆ పూట బాగా ఆలస్యమైంది గానీ, ఆమె ఒక్క కథ కూడా వదిలిపెట్టలేదు.

నత్తి ఈనాటికీ పోలేదు. ఆమె పనీ మానలేదు. ఇంటికి చుట్టాలొస్తే తల్లే వాళ్లను రేవుకు వెంటబెట్టుకొస్తుంది. “మధ్యలో మాట అందించకండేం, దానికి ఒళ్లు మండుతుంది,” అని ముందే హెచ్చరిస్తుంది.