అయిపోయింది, అన్నం తినండి

మా ఆయన పోయిన తర్వాతి ఎండాకాలంలో ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన ఆఫీసు అమ్మాయి మా మల్కాజ్‌గిరి ఇంటి గుమ్మం ముందు కూర్చుని ఉంది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగు.

నేను చదివింది ఐదో తరగతి. ఆ పని గురించి నాకు అర్థమైనంత వరకే రాస్తున్నాను. ఆఫీసులో అందరూ రాసిన ప్రోగ్రాములను ఒకచోట చేర్చి, వాడుకునేలా తయారుచేయడాన్ని బిల్డ్ అంటారు. అది కంప్యూటరే చేసుకునేలా మా ఆయన ఒక స్క్రిప్టు రాసిపెట్టారు. అందులో ఒక భాగం పాత రకం కంప్యూటర్ల కోసం. అలాంటివి ఇప్పుడు ఎవరూ వాడటం లేదు.

"సార్ రాసిన గా ముక్క తీసెయ్యమంటున్నరక్కా. మా ఆఫీసుల ఎవరు రాసింది వాళ్లను అడగకుండ తియ్యం. సార్ లేడు గదా. ఇంకెవర్ని అడగాలె? అందుకే నీ దగ్గరికొచ్చిన."

"నాకేం తెలుసమ్మా? తీస్తే ఏమవుతుంది?"

"ఏం గాదు. గానీ సార్ మాట సుత దాన్లనే ఉంది."

ల్యాప్‌టాప్ తెరిచి ఆ స్క్రిప్టు నడిపి చూపించింది. తెర మీద అక్షరాలు గబగబా పైకి పోయాయి. చివర ఒక వరుస నిలిచింది. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదివాను. 'అయిపోయింది, అన్నం తినండి.'

ఇంట్లోనూ అంతే. వంట నాది, పిలుపు ఆయనది.

"అప్పట్ల పొద్దున షురూ చేస్తే పగటి అన్నం యాళ్లకు అయ్యేదక్కా. అందుకే గట్ల రాసిండు. ఇప్పుడు చాయ్ తాగేలోపే అయిపోతది. కొత్తోళ్లు నవ్వుతున్నరు. 'ఎవర్రా ఈ అంకుల్, పొద్దుగాలనే తిండి గోల' అంటరు. నాకు ఏడుపొస్తది." తెర నావైపు తిప్పి అడిగింది, "గా ముక్క తీసేసినా, ఆ ఒక్క మాట మిగిలిన స్క్రిప్టుల పెట్టాల్నా?"

పెట్టమనాలనే ఉంది. ఆయన ఇంకా రోజూ ఎవరినో అన్నానికి పిలుస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. తెలిసిన రోజే తీసెయ్యమనాలా? కానీ ఆకలి లేని వేళ ఆయన ఎవరినీ పిలిచి ఎరుగరు. ఆ నవ్వుల మధ్య ఆయన్ని వదిలేయబుద్ధి కాలేదు.

"వద్దమ్మా. తీసెయ్."

"పక్కానా అక్కా?"

తలూపాను. నోరు తెరిస్తే మాట మార్చేస్తానని భయం.

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ అక్కడే తీసేసింది. మళ్లీ నడిపింది. అక్షరాలు పైకి పోయి పోయి ఆగిపోయాయి. చివర ఏమీ రాలేదు.

వంట చర్చికి వెళ్లేముందే చేశాను. రెండు కంచాలు పెట్టాను. పిలవడం మాత్రం నాకు చేతకాలేదు. ఆ అమ్మాయే ల్యాప్‌టాప్ మూసి, తనంతట తనే వచ్చి కూర్చుంది.