గొంతు పోయాక అప్పాజీ మాస్టారు చెప్పిన పాఠం

అప్పాజీ మాస్టారి గొంతు వినని డిగ్రీ కుర్రాడు ఒకప్పుడు భీమవరంలో ఉండేవాడు కాదు. ఆయన ఎకనామిక్స్ లెక్చరరు. గ్యాలరీ హాల్లో ఆయన పాఠం అందుకున్నారంటే పక్క గదిలో లెక్కలు చెప్పే ఆయన లేచి తన తలుపు వేసుకోవాల్సి వచ్చేది, ఆ లెక్కల క్లాసు పిల్లల చెవులన్నీ ఇటే ఉండేవి మరి. మైకులూ గీకులూ ఆ రోజుల్లో ఎవరికి కావాలి? ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో సుద్దముక్క, ఆ గొంతు. అంతే.

క్షీణోపాంత ప్రయోజన సూత్రం చెప్పే రోజు మరీ పండగ. పేరు చూసి భయపడక్కర్లేదు. ఏ వస్తువైనా తింటూ పోయేకొద్దీ తరవాతి దాని మీద మోజు తగ్గుతుందని చెప్పడమే. పుస్తకం రాసినాయన అందుకు ఆపిల్ పండు పెట్టాడు. అప్పాజీ గారు ఆపిల్ తీసేసి ఆత్రేయపురం పూతరేకు పెట్టారు. మొదటిది స్వర్గం, రెండోది సుఖం, మూడోది సరే, నాలుగోది చాలు, ఐదోది శిక్ష. ఆ ‘శిక్ష’ ముందు కాస్త ఆగి, కళ్లజోడు మీంచి హాలంతా ఒక చూపు చూసి, అప్పుడు అనేవారు. హాలు గొల్లుమనేది. కామర్సు కుర్రాళ్లు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడి నవ్విపోయేవారు. ఏటా అక్కడే ఆగేవారు, ఏటా అక్కడే నవ్వేవారు. మిగతా గంటంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమంటే ఆయనకు ప్రాణం.

రిటైరయ్యాక కూడా కాలేజీ ఆయన్ని వదల్లేదు. నిజం చెప్పాలంటే ఆయనే కాలేజీని వదల్లేదు. ఆదివారాలు అదే గ్యాలరీలో దూరవిద్య డిగ్రీ వాళ్లకు క్లాసులు జరుగుతాయి. వయసులో చదువు మానేసి, సంసారాలు ఒక దారికి వచ్చాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు. అంగన్‌వాడీ టీచరు సంపూర్ణమ్మ, బేకరీ త్రిమూర్తులు, రొయ్యల చెరువుల జగపతిరాజు, ఇలాంటి వాళ్లు. జగపతిరాజు ఒకప్పుడు అప్పాజీ గారి దగ్గరే చదివి, రొయ్యల జోరు మొదలైన రోజుల్లో రెండో ఏడు మధ్యలో మానేసి చెరువుగట్టు ఎక్కినవాడు. ఇప్పుడు జుట్టు నెరిశాక వచ్చి మళ్లీ అదే బల్ల మీద కూర్చున్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా మాస్టారి గొంతులో కాయలు లేచాయి. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికేం భయం లేదు గానీ ఇక జన్మలో గొంతు పెంచకూడదన్నారు డాక్టరు. మిగిలింది కొబ్బరితాడు ఒరుసుకున్నట్టు ఒక చప్పుడు. ఇంక ఇంటిపట్టున ఉండమంది భార్య సత్యలక్ష్మి. ఆదివారాల క్లాసు ఇప్పుడు చూసేది ఆయన పాత శిష్యుడు శ్రీకాంత్. అతనూ ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఎంతో మెత్తగా చెప్పాడు: కొన్నాళ్లు చూద్దామండి, ఇబ్బందిగా ఉంటే తెర మీద వీడియో పాఠాలు వేసేద్దాం, మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి అని. విశ్రాంతి అన్న మాట ఆయనకు ఉద్వాసనలాగే వినిపించింది. ఆ క్లాసు కూడా పోతే తనింకెవరు? పేపరు చదివి, మాత్రలు వేసుకుని, మధ్యాహ్నం పడుకునే ముసలాయన.

అయినా క్లాసుకి వెళ్లారు. ఒకరోజు మైకు పట్టుకున్నారు. గోడ మీది స్పీకర్లోంచి తన గొంతు తనకే వినపడేసరికి చచ్చినంత సిగ్గేసి దాన్ని బల్ల సొరుగులో పెట్టేశారు. ఆ తరవాత మామూలుగానే చెప్పడం మొదలుపెట్టారు. క్లాసు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. అందరూ తలలూపుతున్నారు. వెళ్లేటప్పుడు చాలా బాగుందండి అంటున్నారు. ఫరవాలేదు, నెట్టుకొస్తున్నాననుకున్నారు మాస్టారు.

ఒక ఆదివారం ఉక్కపోత ఎక్కువగా ఉంది. పాఠం మధ్యలో ఆయనకే ఆయాసం వచ్చి, అందరూ బయటికెళ్లి టీ తాగి రండి అన్నారు. ఒక్కరూ కదల్లేదు. అందరూ భక్తిగా తలలూపారు. త్రిమూర్తులైతే రాసుకున్నాడు కూడా.

మాస్టారు మళ్లీ అన్నారు. మళ్లీ ఊపారు. ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, మెట్లెక్కి, నాలుగో వరసలో ఉన్న సంపూర్ణమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మాస్టారికి మరీ ఎదురుగా కూర్చోవడం మర్యాద కాదని మన వాళ్లు ముందు బల్లలు ఖాళీగా వదిలేస్తారు కదా.

“నేను చెప్పేది వినపడటం లేదా అమ్మా?”

సంపూర్ణమ్మ తల దించుకుంది. “వినపడకపోతే ఏంటండీ, మిమ్మల్ని చూస్తున్నాం కదండీ. ఆపరేషనైన మనిషిని గట్టిగా చెప్పండని ఎలా అంటామండీ.”

మర్యాదకు మనవాళ్లను మించినవాళ్లు లేరు. వారాల తరబడి ఒక్క ముక్క వినపడకపోయినా సరే, మాస్టారి మనసు నొప్పించకూడదని గ్యాలరీ గ్యాలరీ అంతా కూడబలుక్కున్నట్టు తలలూపింది. అప్పాజీ గారికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. శ్రీకాంత్‌కు ఆ సాయంత్రమే ఫోన్ చేసి వీడియోలు తెప్పించుకోమని చెప్పేద్దామనుకున్నారు.

చెప్పేసేవారే. కానీ సంపూర్ణమ్మ ఊరుకోలేదు. ఆవిడది ఊళ్లో చంటిపిల్లలందర్నీ ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు. “మీరు నాకు చెప్పండి మాస్టారూ, నేను వీళ్లకి చెప్తానండి” అంది. ఆయన పక్కనే నిలబడి, ఆయన ఒక వాక్యం అంటే ఆవిడ ఆ వాక్యం అప్పజెప్పింది. కాసేపు అలాగే నడిచింది. తరవాత ఆవిడ ‘అంటే ఏంటంటేనండీ’ అని మొదలుపెట్టి తన మాటల్లో చెప్పసాగింది. ఆ రోజు పాఠం పూతరేకుల పాఠమే. మాస్టారు ఊపిరి బిగబట్టారు. సంపూర్ణమ్మ ఎక్కడా ఆగకుండా, ఎవరి వంకా చూడకుండా, ఐదోది శిక్షండి అనేసి దాటిపోయింది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు జగపతిరాజు లేచి నిలబడ్డాడు. ఆవిడ మాస్టారు కాదు కదా, ఆవిడకు అడ్డు చెబితే తప్పు లేదన్న ధైర్యం.

“ఐదోది తినేవాడికి శిక్షేనండి. పెట్టేవాళ్లకి అదే అసలు పూతరేకండి. నాలుగుతో ఆపేస్తే మా ఇళ్లల్లో మర్యాద చెయ్యలేదని లెక్కండి.”

అంతే, హాలు కదిలింది. కొసరి కొసరి వడ్డించే ఆడవాళ్లందరూ ఒక పక్షం, అలా తినలేక ఇబ్బంది పడ్డ మగవాళ్లు ఒక పక్షం అయ్యారు. అల్లుడికి పెట్టే ఐదో పూతరేకూ ఆడపడుచుకు పెట్టేదీ ఒకటేనా అంది వెనకనించి ఒకావిడ. మరి మోజు తగ్గిందని ఎవర్ని చూసి చెప్పాలి, తినేవాణ్ణా పెట్టేవాణ్ణా అన్నాడు త్రిమూర్తులు. అందరూ మాస్టారి వంక తిరిగారు. జవాబు ఆయన నోటిదాకా వచ్చింది. పుస్తకంలో దానికి పేరు కూడా ఉంది. ఎందుకో మింగేశారు. మీరేమంటారని సైగ చేసి, వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చున్నారు. వాళ్లు తర్కించి తర్కించి దాదాపు అక్కడికి చేరాక అప్పుడు మెల్లగా ఆ పేరు చెప్పారు: వ్యక్తినిష్ఠ ప్రయోజనం, అంటే మనిషిని బట్టి మారేది. ఈసారి అందరికీ వినపడింది, ఎందుకంటే అది వాళ్లకు కావలసి వచ్చింది.

అది మొదలు ప్రతి ఆదివారం అదే తంతు. చెప్పేవాళ్లు మారేవారు, అడ్డు తగిలేవాళ్లు మారేవారు. బాగుందని ఆయనకూ తెలుసు. కానీ ఆ గోలలో కూర్చుని, ఒకప్పటి నిశ్శబ్దం కోసం, కిటికీల దగ్గర మూగిన కుర్రాళ్ల కోసం, తన గొంతు కోసం ఆయన బెంగపడేవారు. చనిపోయిన మనిషిని తల్చుకున్నట్టు తల్చుకునేవారు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు, సత్యలక్ష్మికి కూడా.

శ్రీకాంత్ ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చాడు. గుమ్మంలోంచి చూస్తే లోపల సంతలా ఉంది. మాస్టారు రాలేదేమో, వీళ్లు కబుర్లలో పడ్డారేమో అనుకుని గట్టిగా మందలించబోయాడు. మూడో వరసలో జగపతిరాజుకీ త్రిమూర్తులుకీ మధ్య తెల్ల చొక్కా కనపడింది. వెనక బల్ల మీద చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. వచ్చింది చూసి పోదామని, కూర్చుంది గంట. ఆఖర్న తనే లేచి ఒక సందేహం అడిగాడు. వెళ్లేటప్పుడు మాస్టారి చేయి పట్టుకుని, వీడియోలు వద్దండి, మీరే రండి అన్నాడు.

ఆ రోజు అందరూ వెళ్లాక జగపతిరాజు కారులో దింపుతానని ఉండిపోయాడు. క్లాసు నిలబడిన సంతోషంలో అప్పాజీ గారికి పాత రోజుల మాట వినాలనిపించింది. తన గొంతు ఎరిగిన మనిషి, ఈ హాల్లో ఇతనొక్కడేగా మిగిలింది.

“ఏమయ్యా జగపతిరాజూ, అప్పట్లో నా పాఠం ఎలా ఉండేదయ్యా? మొహమాటపడకుండా చెప్పు.”

జగపతిరాజు మొహం వెలిగిపోయింది. “మీ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉందండి. చెరువుగట్టు మీద ఒక్కణ్ణీ ఉన్నప్పుడు గుర్తొస్తుందండి.” కాస్త ఆగాడు. “పాఠమే, ఒక్క ముక్క గుర్తులేదండి. ఎవరికీ అర్థమయ్యేది కాదండి, పరీక్షలకి గైడు చదివేసేవాళ్లం.”

వరండాలో ఎండ తగ్గింది. మాస్టారు ఖాళీ గ్యాలరీ తలుపు దగ్గరికి వేసి ఇటు తిరిగారు.

“మరి ఇన్నేళ్లలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదేంటయ్యా?”

“మీరు అడగలేదు కదండీ” అన్నాడు జగపతిరాజు.