జ్వరమని చెప్పాను

దేశాలు దాటి వచ్చినవాళ్లకు కూడా మన గోడు పట్టలేదని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆ గోడు వాళ్లదాకా చేరలేదు. చేరనివ్వనిది నేను.

తొంభైల మొదట్లో వర్ని వైపు ఒక పల్లెలో మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అడవిలోంచి అన్నలు తుపాకులతో వచ్చి అన్నం పెట్టమనేవారు. వాళ్లు వెళ్లాక పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని కొట్టేవారు. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు నరికే కూలీ ఒకావిడ కొడుకును అలాగే పట్టుకుపోయారు. ఠాణాలో అడిగితే ఇక్కడ లేడన్నారు. వెనక గోడ దగ్గర నిలబడితే వాడి దగ్గు వినిపించిందని ఆమె కనిపించినవాళ్లందరికీ చెప్పేది.

ఆ ఆదివారం మా చర్చికి విదేశీయులు ఇద్దరు వచ్చారు, ఒక ముసలాయన, ఒక నడివయసు ఆవిడ. పోరు సాగే చోట్ల మధ్యన నలిగే జనం కోసం తిరిగే సంఘం వాళ్లది. ఎవరినైనా పట్టుకుపోయి లేడంటుంటే పేరు చెప్పమన్నారు. మర్నాడు హైదరాబాద్‌లో పెద్ద అధికారులను కలిసి అడుగుతామన్నారు. ఆ మాటలను తెలుగులో చెప్పింది నేనే.

వెనక బెంచీ మీద మఫ్టీలో కానిస్టేబుల్ ఉన్నాడు. లోపలికి వచ్చేముందే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సారూ, మాకు ఇంగ్లీషు రాదు. మీకొస్తది. జర మంచిగ చెప్పుండ్రి. పిల్లలున్నోళ్లు."

ప్రార్థన విన్నపాలు చెప్పే వేళ ఆ కూలీ తల్లి లేచింది.

"నా కొడుకు ఠాణల ఉన్నడు. దగ్గు ఇన్న. సంపకముందే అడుగుమనుండ్రి సారూ. గిదొక్కటే."

ముసలాయన నా వైపు చూశాడు. ఆమె కొడుకుకు జ్వరంగా ఉంది, ప్రార్థన చేయమంటోంది అని ఇంగ్లీషులో అన్నాను.

ఇద్దరూ మోకరించి ఆమె తల మీద చేతులు పెట్టారు. ఆ విదేశీ ఆవిడ ఏడ్చింది కూడా. సంచిలోంచి మాత్రలు తీసి ఇచ్చింది.

"గోలీలెందుకు సారూ?"

"నీకే అవ్వా, బలానికి. రేపు అడుగుతమన్నరు."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఐదో రోజు చెరుకు తోటలో ఎదురుకాల్పులు జరిగాయన్నారు. ఆమె కొడుకు శవాన్ని ట్రాక్టర్ మీద తెచ్చారు. చేతివేళ్లకు గోళ్లు లేవు.

భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ నిజం చెబితే పోలీసులు నా ఇంటికి రావచ్చు, రాకపోనూ వచ్చు. చెప్పకపోతే ఆమె కొడుకు మాత్రం పోతాడు. ఈ లెక్క అక్కడ నిలబడే వేశాను.

తర్వాతి నెలలో నిజామాబాద్ నుంచి ఇద్దరు వకీళ్లు వచ్చారు. కోర్టులో కేసు వేస్తాం, వాంగ్మూలం కావాలన్నారు. దారి చూపమని నన్నే ఆమె గుడిసెకు తీసుకెళ్లారు.

"దేశాలోళ్లకే చెప్పిన. గీ సారే ఇంగ్లీషుల చెప్పిండు. ఏం జేసిండ్రు వాళ్లు? మీరేం జేస్తరు? పోండ్రి."

పెద్ద వకీలు నా వైపు తిరిగాడు. "నిజమేనా సార్? వాళ్లకు చెప్పిండ్రా?"

"చెప్పిన" అన్నాను.

ఆమె వేలిముద్ర వేయలేదు.